‘అగోరా’ సినిమా, హైపేషియా కథ: తరచుగా అడిగే ప్రశ్నలు

2009లో వచ్చిన ‘అగోరా’ సినిమా చూసినవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: ఇదంతా నిజంగా జరిగిందా? కొంత జరిగింది, కొంత జరగలేదు, కొంత జరిగినదానికంటే తగ్గించి చూపించారు. ఏది ఏమిటో విడదీసి చెప్పడానికే ఈ పేజీ. కథ చివర ఏమవుతుందో ఇక్కడ దాచలేదు. ముందు సినిమా చూడాలనుకునేవాళ్లు చూసి రండి.

పేరు చూసి అఘోరాల సినిమా అనుకున్నాను. కాదా?

కాదు. గ కి ఒత్తు లేదు, గమనించండి. గ్రీకులో అగోరా అంటే ఊరి నడిబొడ్డున అందరూ చేరే బహిరంగ స్థలం. సంత, తగువులు తీర్చుకునే చోటు, ఉపన్యాసాల వేదిక అన్నీ అదే. మన రచ్చబండకి దగ్గరగా ఉంటుంది, కాకపోతే నగరానికి తగ్గ సైజులో. సినిమాలో గొడవ రాజుకునేది కూడా ఇక్కడే. ఒకడు నిప్పుల్లోంచి నడిచి తన దేవుడి మహిమ చూపిస్తాడు, తర్వాత ఎదుటి మతం పెద్దమనిషిని అదే నిప్పుల్లోకి తోసేస్తారు. జనం నవ్వుతారు. ఆ నవ్వుతోనే మనకి టెన్షన్ మొదలవుతుంది. సెర్చ్‌లో తెలుగులో కొడితే మాత్రం అఘోరాలే వస్తారు, దానికి మందు లేదు.

రెండు ముక్కల్లో కథ ఏమిటి?

రోమన్ సామ్రాజ్యంలో ఉన్న ఈజిప్టు, అందులో అలెగ్జాండ్రియా నగరం. గణితం, ఖగోళం, తత్వం చెప్పే పంతులమ్మ హైపేషియా. ఆమె దగ్గర పాత దేవుళ్లని కొలిచేవాళ్లు, క్రైస్తవులు కలిసే చదువుకుంటారు. మొదటి సగం 391 ప్రాంతంలో సెరాపియం గుడి కూలడంతో ముగుస్తుంది. రెండో సగం ఇరవై ఏళ్ల తర్వాత. పాత శిష్యుల్లో ఒకడు ఇప్పుడు గవర్నరు, ఇంకొకడు వేరే ఊళ్లో బిషప్పు, ఒకప్పుడు ఆమె ఇంట్లో బానిసగా ఉన్నవాడు మూకలో సభ్యుడు. ఊరి మీద అధికారం గవర్నరుదా, కొత్తగా వచ్చిన బిషప్పు సిరిల్‌దా అన్న పోరులో 415లో ఆమెని చంపేస్తారు.

దర్శకుడు చిలీలో పుట్టి స్పెయిన్‌లో పెరిగిన అలెహాంద్రో అమెనాబార్. హైపేషియాగా రేచల్ వైజ్ నటించింది. సినిమా ఇంగ్లీషులోనే తీశారు, నిడివి 127 నిమిషాలు.

హైపేషియా నిజంగా ఉండేదా?

ఉండేది, సందేహమే లేదు. ఆమె తండ్రి థియోన్ పేరున్న గణితవేత్త. టోలెమీ ఖగోళ గ్రంథానికి ఆయన రాసిన వ్యాఖ్యానంలో మూడో భాగం మొదట, ఈ ప్రతిని తన కూతురు, తత్వవేత్త హైపేషియా సరిచూసిందని ఆయనే రాసుకున్నాడు. డయోఫాంటస్ అంకగణితానికి, అపొలోనియస్ శంకువుల గ్రంథానికి ఆమె వ్యాఖ్యానాలు రాసిందని పాత నిఘంటువొకటి చెబుతుంది. ఆమె పేరుతో ఉన్న పుస్తకం మాత్రం ఒక్కటీ మనదాకా రాలేదు.

ఆమె గురించి మనకి తెలిసింది ప్రధానంగా మూడు చోట్ల నుంచి. శిష్యుడు సినీసియస్ ఉత్తరాలు, అదే కాలంలో బతికిన సోక్రటీస్ స్కొలాస్టికస్ రాసిన చర్చి చరిత్ర, వందేళ్ల తర్వాతి తత్వవేత్త డమాస్కియస్ రాసిన దాంట్లో మిగిలిన తునకలు. ఈ సోక్రటీస్ విషం తాగిన సోక్రటీస్ కాదు. కాన్‌స్టాంటినోపుల్‌కి చెందిన క్రైస్తవ చరిత్రకారుడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కింద దీనితో పని ఉంది.

సినిమాలో ఎవరు నిజం మనుషులు, ఎవరు కల్పన?

బానిస దావస్ పూర్తిగా కల్పన. యజమానురాలిని ప్రేమించడం, మనసు విరిగి మూకలో చేరడం, అదంతా రచయితల సొంతం. నాకు ఆ పాత్ర మీద ఫిర్యాదు లేదు. హైపేషియా క్లాసులో అందరూ అన్నదమ్ములే అంటుంది, తన బానిస మాత్రం ఆ లెక్కలోకి రాడు. చర్చిలో అతనికి దొరికింది ముందు రొట్టె, తర్వాత మర్యాద. కొత్త మతం పేదవాళ్లని ఎందుకు లాక్కుందో ఈ ఒక్క పాత్రే చెబుతుంది. దావస్ లేకపోతే ఇది నిజంగానే ఏకపక్షం సినిమా అయ్యేది.

ఒరెస్టీస్ నిజం, ఈజిప్టు గవర్నరు. ఆమె సలహా కోసం వెళ్లేవాడన్నదీ నిజం. ఆమె శిష్యుడనీ, ప్రేమించాడనీ మాత్రం పాత రచనల్లో లేదు. పరిస్థితిని బట్టి అతను మతం మారినట్టు సినిమా చూపిస్తుంది. చరిత్రలో తాను కాన్‌స్టాంటినోపుల్ బిషప్పు చేతుల మీదుగా బాప్తిస్మం తీసుకున్నవాడినేనని తన మీదకి వచ్చిన సన్యాసులతో గట్టిగా చెప్పాడు.

సిరిల్, అతని మేనమామ థియోఫిలస్, ఒరెస్టీస్ తల మీద రాయి విసిరిన అమ్మోనియస్, వీళ్లంతా చరిత్రలో ఉన్నవాళ్లే. ఆ రాయి దెబ్బా నిజమే. అమ్మోనియస్‌ని చిత్రహింస పెట్టి చంపారు. సిరిల్ అతనికి కొత్త పేరు పెట్టి అమరవీరుడన్నాడు. ఊళ్లోని మర్యాదస్తులైన క్రైస్తవులే దాన్ని ఒప్పుకోలేదని సోక్రటీస్ స్కొలాస్టికస్ రాశాడు.

సినీసియస్ విషయంలో పెద్ద పొరపాటుంది. చివర్లో వచ్చి బాప్తిస్మం తీసుకోమని ఆమెని బతిమాలతాడు చూశారా, అప్పటికే అతను చనిపోయి సుమారు రెండేళ్లు. పైగా అతను అలా అడిగే మనిషి కాదు. టోలెమాయిస్ బిషప్పు పదవికి పిలిచినప్పుడు, నా భార్యని వదలను, ఆత్మ శరీరం కన్నా ముందే ఉందన్న నా తత్వాన్నీ వదలను అని ముందే రాసిచ్చి ఒప్పుకున్నవాడు. సినిమాలో మూర్ఖుడిగా తేలడం అతనికి జరిగిన అన్యాయం.

వెంటపడిన కుర్రాడికి నెలసరి గుడ్డ ఇచ్చే సీను నిజమేనా?

నమ్మరు గానీ, పాత గ్రంథాల్లో ఉన్న సీను అదే. డమాస్కియస్ చెప్పిన కథ. ప్రేమించానన్న ఒక శిష్యుడికి ఆ గుడ్డ చూపించి, నువ్వు ప్రేమించేది దీన్ని, ఇందులో అందమేమీ లేదు అన్నదట. ఆ కుర్రాడి పేరు డమాస్కియస్ చెప్పలేదు, సినిమా ఒరెస్టీస్‌ని అక్కడ నిలబెట్టింది. ప్రేక్షకులు ఇది దర్శకుడి అతి అనుకుంటారు, సీదాసాదాగా ఉన్న సీన్లని నిజమనుకుంటారు. ఈ సినిమాలో చాలాసార్లు లెక్క తిరగబడుతుంది.

అలెగ్జాండ్రియా లైబ్రరీని క్రైస్తవులే తగలబెట్టారా?

ఎక్కువమంది అడిగేది ఇదే, ఎక్కువ తప్పుగా ప్రచారమైందీ ఇదే.

ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఆ మహా గ్రంథాలయం హైపేషియా పుట్టేనాటికి లేదు. క్రీ.పూ. 48లో జూలియస్ సీజర్ రేవులో పెట్టిన మంటల్లో కొంత పోయిందంటారు. తర్వాత రాజులు పట్టించుకోక, డబ్బులు ఇవ్వక నెమ్మదిగా క్షీణించింది. క్రీ.శ. 270ల్లో ఆరేలియన్ చక్రవర్తి యుద్ధంలో ఆ గ్రంథాలయం ఉన్న రాజభవనాల పేట మొత్తం నాశనమైంది. అంటే ఒక్క రాత్రి ఒక్క మూక చేసిన పని కాదు. పుస్తకం తగలబడి పోవడం కన్నా నకలు రాసేవాడు లేక పోవడమే ఎక్కువ. మన తాళపత్రాల సంగతి తెలిసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

మరి సెరాపియం? అది వేరే చోట ఉన్న సెరాపిస్ దేవుడి గుడి. ఒకప్పుడు అక్కడ చిన్న గ్రంథాలయం ఉండేది. అయితే 391 కంటే ముందే రాసిన అమ్మియానస్ అనే చరిత్రకారుడు ఆ గ్రంథాలయాల గురించి ‘ఉండేవి’ అనే రాశాడు, ‘ఉన్నాయి’ అనలేదు. గుడి కూల్చివేత గురించి వివరంగా రాసినవాళ్లెవరూ పుస్తకాల మాటే ఎత్తలేదు. పాత దేవుళ్ల పక్షాన ఉండి, క్రైస్తవులని తిట్టిపోసిన రచయిత కూడా పుస్తకాలు కాల్చారనలేదు. అలాంటిది జరిగి ఉంటే ఆయన వదిలేవాడా?

గుడి కూల్చడం మాత్రం ముమ్మాటికీ నిజం. గొడవ నడిచిన తీరు కూడా సినిమా దాదాపు ఉన్నట్టే చూపించింది. బిషప్పు థియోఫిలస్ మనుషులు పాత గుడి వస్తువులని ఊరేగించి ఎగతాళి చేయడం, పాత దేవుళ్ల పక్షంవాళ్లు కత్తులు పట్టడం, తర్వాత గుడిలో దాక్కోవడం, చక్రవర్తి నుంచి కబురు రావడం: మిమ్మల్ని క్షమించాం, గుడి మాత్రం వదలండి. ఆ గొడవలో తన చేతులతో తొమ్మిది మందిని చంపానని గొప్పలు చెప్పుకున్న గ్రీకు వ్యాకరణ పండితుడొకడు కూడా ఉన్నాడు. ముందు కత్తి తీసింది చదువుకున్నవాళ్లేనని చూపించడం ఈ సినిమా నిజాయితీ. అక్కడ హైపేషియా ఉందని గానీ, పుస్తకాలు మోసిందని గానీ, థియోన్ ఆ దెబ్బలతో పోయాడని గానీ ఎవరూ రాయలేదు.

భూమి సూర్యుడి చుట్టూ దీర్ఘవృత్తంలో తిరుగుతుందని ఆమె కనిపెట్టిందా?

కనిపెట్టిందనడానికి ఒక్క ఆధారమూ లేదు. అది 1609లో కెప్లర్ చెప్పిన మాట. దర్శకుడికీ ఈ సంగతి తెలుసు, సినిమా చివర అక్షరాల్లో కెప్లర్ పేరు వేశాడు.

అయితే ఊహకి ఆధారం మాత్రం ముచ్చటైనది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని క్రీ.పూ. 3వ శతాబ్దంలోనే సామోస్ దీవి అరిస్టార్కస్ అన్నాడు. ఇక శంకువుని వాలుగా కోస్తే దీర్ఘవృత్తం వస్తుందని అపొలోనియస్ పుస్తకం నిండా ఉంది, ఆమె వ్యాఖ్యానం రాసింది దాని మీదే. ఒక చేతిలో ఆ ప్రశ్న, ఇంకో చేతిలో జవాబు ఉన్న మనిషి రెండింటినీ కలిపి ఉంటే? కథ అంతా ఈ ‘ఉంటే’ మీద నడుస్తుంది. ఆమె క్లాసులో ముక్కలుగా విడిపోయే చెక్క శంకువు చూశారు కదా. వృత్తం, దీర్ఘవృత్తం, పరావలయం, అతిపరావలయం ఒక్క బొమ్మలో కనిపిస్తాయి. ఇంటర్ సెకండియర్‌లో 2బి పేపర్‌కి ఇవన్నీ ఫార్ములాలుగా బట్టీ పట్టాం. ఆ చెక్క బొమ్మ ఒక్కటి చూపించి ఉంటే ఎంత బాగుండేదో.

ఓడ తెరచాప కొయ్య మీద నుంచి మూట పడేసే ప్రయోగం కూడా కల్పనే. అలాంటి ప్రయోగం చరిత్రలో పేరుకెక్కింది 1640లో, గాసెండి అనే ఫ్రెంచి పండితుడి పుణ్యమా అని.

ఆమెని అసలు ఎందుకు చంపారు? సైన్స్ కోసమా?

సైన్స్ కోసం కాదు. సినిమా పోస్టర్లు, తర్వాత వచ్చిన వ్యాసాలు అలా అనిపించేలా చేశాయి. అసలు సంగతి ఊరి రాజకీయం, అందుకే ఇంకా భయంకరం.

412లో థియోఫిలస్ పోయాక పదవి కోసం కొట్లాట జరిగి సిరిల్ బిషప్పు అయ్యాడు. గవర్నరు చేతిలో ఉండాల్సిన పనుల్లో వేలు పెట్టడం మొదలుపెట్టాడు. థియేటర్లో యూదులతో తగాదా వచ్చింది. సిరిల్ మనిషినొకణ్ణి ఒరెస్టీస్ అందరి ముందూ కొట్టించాడు. ఒక రాత్రి చర్చి తగలబడుతోందని కేక వేయించి, బయటికి వచ్చిన క్రైస్తవులని యూదులు చంపారు. తెల్లారాక సిరిల్ యూదుల ప్రార్థనామందిరాలు స్వాధీనం చేసుకుని వాళ్లని ఊరు దాటించాడు. గవర్నరు అయి ఉండి కూడా ఒరెస్టీస్ ఆపలేకపోయాడు. ఇద్దరూ రాజధానికి ఒకరి మీద ఒకరు ఫిర్యాదులు రాసుకున్నారు. సిరిల్ సువార్త పుస్తకం ముందుకి చాచి రాజీకి రమ్మంటే ఒరెస్టీస్ ఒప్పుకోలేదు. సినిమాలో చర్చిలో అందరూ మోకరిల్లే సీను ఈ చిన్న వాక్యంలోంచి పుట్టిందే.

ఇక ఊళ్లో ఒక పుకారు లేచింది. ఒరెస్టీస్ రాజీ పడకుండా అడ్డుపడుతున్నది హైపేషియాయే అని. రెండున్నర శతాబ్దాలు దాటాక నికియు బిషప్పు జాన్ రాసిన దాంట్లో ఆ పుకారు ముదిరిన రూపం చూడొచ్చు: ఆమె మంత్రగత్తె, నక్షత్ర యంత్రాలతో గవర్నరుకి చేతబడి చేసింది, అందుకే అతను చర్చికి రావడం మానేశాడు. చదువుకున్న ఆడది పెద్దవాళ్లకి సలహా చెబితే అది మంత్రమే అయి ఉండాలి. ఈ లెక్క మనకి కొత్తేమీ కాదు. చేతబడి చేసిందన్న పేరుతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన జిల్లా ఎడిషన్లలో చదివినవాళ్లమే.

సిరిల్ స్వయంగా ఆజ్ఞ ఇచ్చాడా? సోక్రటీస్ స్కొలాస్టికస్ అలా అనలేదు. ఈ పని సిరిల్‌కీ, అలెగ్జాండ్రియా చర్చికీ పెద్ద మచ్చ తెచ్చిందని మాత్రం రాశాడు. డమాస్కియస్ నేరుగా సిరిల్ అసూయ వల్లే అన్నాడు. సినిమా మధ్యలో నిలబడింది: సిరిల్ వేదిక మీద ఒక వాక్యం చదువుతాడు, మిగతాది వినేవాళ్లు చూసుకుంటారు. నాకు అన్నిటికంటే నమ్మబుద్ధేసింది అదే.

చివరి సీను నిజంగా అలాగే జరిగిందా?

అంతకంటే ఘోరంగా జరిగింది. సినిమాలో దావస్ ముందే ఊపిరి ఆపేసి ఆమెకి నొప్పి తెలియకుండా చేస్తాడు, తర్వాత రాళ్లు. అది దర్శకుడు మనకి చూపించిన దయ. 415 మార్చిలో, ఉపవాస దినాల్లో, పీటర్ అనే చర్చి పాఠకుడి వెంట వచ్చిన మూక ఆమెని బండిలోంచి లాగి కైసారియం అనే చర్చిలోకి ఈడ్చుకెళ్లింది. బట్టలు చించి పెంకులతో చంపారు, శరీరాన్ని కినారోన్ అనే చోటికి తీసుకెళ్లి కాల్చారు. పెంకులు అన్న చోట ఉన్న గ్రీకు మాటకి కుండ పెంకు, ఇంటి పెంకు, ఆల్చిప్ప అన్ని అర్థాలూ ఉన్నాయి కాబట్టి ఒక్కో అనువాదంలో ఒక్కోలా ఉంటుంది.

ఇంకో తేడా. రేచల్ వైజ్ షూటింగ్‌నాటికి నలభైకి దగ్గర, రెండో సగంలోనూ అలాగే ఉంటుంది. నిజం హైపేషియాకి చనిపోయేనాటికి కనీసం నలభై అయిదు, కొందరి లెక్కలో అరవై దాటాయి.

ఎవరికైనా శిక్ష పడిందా?

లేదు. 416లో పారబలానీల మీద చక్రవర్తి పేరుతో చట్టం వచ్చింది. సినిమాలో నల్లబట్టలతో తిరిగే ముఠా వీళ్లే, అసలు పని రోగులకి సేవ చేయడం. వాళ్ల సంఖ్య 500 దాటకూడదు, జాబితా గవర్నరుకి ఇవ్వాలి, నాటకశాలలకీ కోర్టులకీ వెళ్లకూడదు. రెండేళ్లు తిరక్కుండా 600కి పెంచి మళ్లీ బిషప్పు చేతికే ఇచ్చారు. హత్య చేసింది వాళ్లేనని సోక్రటీస్ స్కొలాస్టికస్ చెప్పలేదు, సినిమా చెప్పింది. ఒరెస్టీస్ ఆ తర్వాత చరిత్రలో కనిపించడు. సిరిల్ 444లో చనిపోయేదాకా బిషప్పుగానే ఉన్నాడు, ఇప్పటికీ సెయింటే.

ఇది క్రైస్తవ వ్యతిరేక సినిమానా?

కొంతమంది క్రైస్తవులు నొచ్చుకున్నారు, స్పెయిన్‌లో నిరసనలూ వచ్చాయి. నల్ల బట్టలు ఒక పక్క, తెల్ల బట్టలు ఒక పక్క అన్న వేషాల ఎంపికలో దర్శకుడి మొగ్గు కనిపిస్తుంది, కాదనను. పై నుంచి తీసి స్పీడు పెంచిన షాట్లలో మూక చీమలదండులా కదులుతుంది, అది కూడా న్యాయమైన చూపు కాదు. కానీ ఆమె హత్యని నేరమని మొదట గట్టిగా రాసిందే ఒక క్రైస్తవుడు, పైన గుర్తుపెట్టుకోమన్న సోక్రటీస్ స్కొలాస్టికస్. హత్యలు, కొట్లాటలు క్రీస్తు మార్గానికి పూర్తిగా పరాయివని ఆయన ఆ పేజీలోనే అన్నాడు. ఆయనలాంటి గొంతు సినిమాలో ఒక్కటి పెట్టి ఉంటే ఈ ప్రశ్న రాకపోను.

ఇంతకీ ఆమె చెప్పిన తత్వం ఏమిటి? సినిమాలో కనిపించదేం?

నిజమే, సినిమాకి అతి పెద్ద లోటు ఇది. అందులో ఆమె ఇవాళ్టి హేతువాదిలా మాట్లాడుతుంది. అసలు ఆమె ప్లేటో సంప్రదాయంలోది. అన్నిటికీ మూలంగా మాటలకందని ‘ఒక్కటి’ ఉందని, ఆత్మ అక్కడికి తిరిగి ఎక్కాలని చెప్పే దారి. మన అద్వైతంతో దీన్ని పోల్చి రాసినవాళ్లు చాలామందే. గణితం ఆమెకి దేవుడికి ఎదురు నిలబడే ఆయుధం కాదు, అటు ఎక్కే మెట్టు. క్రైస్తవ కుర్రాళ్లు ఆమె క్లాసులో ఇబ్బంది లేకుండా కూర్చోగలిగింది అందుకే.

ఫేస్‌బుక్‌లో తిరిగే ఆమె ఫొటో, కొటేషన్ నిజమేనా?

రెండూ కావు. పక్కకి తిరిగి జడ ముడితో కనిపించే ఆ బొమ్మ 1908లో అమెరికాలో ఒక చిన్న పుస్తకం కోసం గీసింది. ఆలోచించే హక్కుని వదులుకోవద్దు అన్న కొటేషన్ కూడా ఆ పుస్తకం రచయిత అల్లి ఆమె నోట పెట్టిందే. ఫార్వర్డ్ చేసేవాళ్లకి మర్యాదగా చెప్పి చూడండి.

మన దేశానికి, మన ఊళ్లకి ఈ అలెగ్జాండ్రియాతో ఏమైనా సంబంధం ఉందా?

ఉంది. ఆ తత్వానికి మూలపురుషుడు ప్లొటైనస్ అలెగ్జాండ్రియాలోనే చదువుకుని, పర్షియా, భారతదేశాల తత్వం నేర్చుకోవాలని 243లో రోమన్ సైన్యం వెంట బయల్దేరాడు. చక్రవర్తి దారిలో చనిపోవడంతో ప్రాణాలతో వెనక్కి రావడమే గగనమైంది. ఇంకా దగ్గరి సంగతి: హైపేషియా, ఆమె తండ్రి జీవితమంతా సరిదిద్దిన ఖగోళ గ్రంథం రాసిన టోలెమీయే భూగోళం మీద ఇంకో పుస్తకం రాశాడు. అందులో మైసోలోస్ నది, దాని దగ్గర కంటకొస్సూల అనే రేవు ఉన్నాయి. ఆ నది మన కృష్ణ, ఆ రేవు కృష్ణా జిల్లా ఘంటశాల అని పండితులు గుర్తించారు. నాగార్జునకొండ శాసనంలోని కంటకసేల కూడా అదే.

పిల్లలతో చూడొచ్చా?

పదో తరగతి దాటినవాళ్లతో చూడొచ్చు, పక్కన కూర్చుని. రాళ్లతో కొట్టే సీన్లు, నిప్పుల సీను, గుళ్లో నరుక్కోవడం చిన్నపిల్లలకి బరువు. సగంలో నీరసం వస్తుందని ముందే చెప్పండి, ఇరవై ఏళ్లు దూకినప్పుడు ఎవరెవరో అర్థం కాక లేచి వెళ్లిపోయేవాళ్లు ఉంటారు.

ఆ నగరం గ్రాఫిక్సా?

ఎక్కువ భాగం సెట్టే. మాల్టాలో రికాసోలి కోట దగ్గర 2008లో వేశారు. సుమారు 5 కోట్ల యూరోల సినిమా, స్పెయిన్‌లో బాగా ఆడింది, బయట ఆడలేదు. స్పెయిన్ సినిమా పురస్కారాలైన గోయా అవార్డులు ఏడు వచ్చాయి.

సినిమా చూశాక ఏదైనా ఒక్కటే చదవాలంటే?

సినీసియస్ ఉత్తరాలు. ద్రవాల సాంద్రత కొలిచే పరికరం ఎలా చేయించాలో వివరంగా ఆమెకి రాసిన ఉత్తరం ఒకటుంది, దాన్ని చదివితే క్లాసురూం కళ్లకి కడుతుంది. ఇంకొకటి మంచాన పడి చెప్పి రాయించింది. పిల్లలు పోయారు, ఒంట్లో బాగాలేదు. అందులో ఆమెని అమ్మా, అక్కా, గురువా అని పిలుస్తాడు. తర్వాత కొద్ది రోజులకే పోయాడు, ఆమె సంగతి అతనికి తెలియదు.